పాప చుట్టూ జనం తగ్గాక: విదేశీ దత్తత తర్వాత 24 నెలల కేస్ స్టడీ

ఈ కేసు ఏ ఒక్క ఇంటిదీ కాదు. విదేశీ దత్తత తర్వాత కుటుంబాలతో పనిచేసేవాళ్లకు పదేపదే ఎదురయ్యే పరిస్థితుల్ని ఒక పాప, ఒక ఇల్లుగా కూర్చి రాసింది. వయసులు, కొలతలు, వారాల లెక్కలు ఆ కూర్పులో భాగం. పరిశోధనల సంగతులు, వైద్య సూచనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

కుటుంబం, వచ్చిన సమస్య

వచ్చేనాటికి పాప వయసు 4 ఏళ్ల 2 నెలలు. 5 నెలల పసిగుడ్డుగా శిశుగృహంలో చేరింది. అంటే 45 నెలలు అక్కడే పెరిగింది. ఒక గదిలో 14 మంది పిల్లలు, షిఫ్టుకు ఇద్దరు ఆయాలు. దత్తత తీసుకున్న దంపతులకు 8 ఏళ్ల కొడుకు ఉన్నాడు, తండ్రివైపు నానమ్మ ఇంట్లోనే ఉంటుంది. పాప మాట్లాడే భాష వేరు, ఇంట్లో భాష వేరు.

కుటుంబం 21వ రోజున సలహా కోసం వచ్చింది. తల్లి చెప్పింది ఒక్క ముక్కే: "బయట బంగారం, ఇంట్లో రణరంగం."

అంతకు ముందు జరిగింది ఇది. 11వ రోజున దత్తత కుటుంబాల సహాయ బృందం పాపకు స్వాగతం చెప్పడానికి అందరినీ ఒకచోట చేర్చింది. 23 మంది వచ్చారు. పాప ఒకరి ఒడిలోంచి ఇంకొకరి ఒడిలోకి నవ్వుతూ పాకింది, ఎవరు పెడితే వాళ్ల చేతి ముద్ద తింది. "కొత్తా పాతా లేదు, ఎంత బాగా కలిసిపోయిందో!" అని అందరూ మురిసిపోయారు. ఆ రాత్రి రెండు గంటలు గుక్కపట్టి ఏడ్చింది, తల్లిని కొరికింది. 19వ రోజున ఒక పార్కింగ్ స్థలంలో తలుపు తీసి ఉన్న పరాయివాళ్ల కారెక్కి కూర్చుంది. తల్లి పిలిస్తే వెనక్కి తిరిగి చూడలేదు.

ఈ రెండు ఘటనలూ ఒకటేనని కుటుంబానికి తట్టలేదు. మొదటిది సంతోషం, రెండోది ప్రమాదం అనుకున్నారు. ఎవరి చంక అయినా ఎక్కే పిల్లకు ఇంకా ఎవరి చంకా తనది కాలేదన్నమాట. ఇక్కడ మొదటి పొరపాటు పాపది కాదు, తల్లిదండ్రులదీ కాదు, ప్రేమగా వచ్చిన ఆ 23 మందిది. వాళ్ల సాయం పెద్దవాళ్లకు అందాల్సింది, పాపకు అందింది. తర్వాతి 24 నెలల పనిలో ఎక్కువ భాగం ఆ సాయం దిశ మార్చడమే.

మొదటి అంచనా: ఒంటి సంగతి ముందు

ప్రవర్తన గురించి ఒక్క మాట మాట్లాడే ముందు వైద్య పరీక్షలన్నీ అయ్యాయి. దత్తత బిడ్డ వచ్చిన 2, 3 వారాల్లోపు ఇది జరగాలి. పుట్టిన దేశంలో చేసిన పరీక్షల కాగితాలు చేతిలో ఉన్నా మళ్లీ చేయాల్సిందే.

ఎత్తు 94.5 సెం.మీ., బరువు 12.8 కిలోలు. సంస్థల్లో పెరిగిన పిల్లలు అక్కడ గడిపిన ప్రతి 3 నెలలకు సుమారు ఒక నెల ఎత్తు కోల్పోతారని దత్తత వైద్యంలో బాగా వాడుకలో ఉన్న లెక్క. ఈ పాపకు 45 నెలలంటే 15 నెలల ఎదుగుదల. 50 నెలల పాపకు 35 నెలల పాప ఎత్తు ఉంది, లెక్క సరిగ్గా సరిపోయింది. ఈ అంకె తల్లిదండ్రులకు కాగితం మీద వేసి చూపించాలి. నాలుగేళ్ల బట్టలు వదులైతే రెండు పూటలు ఎక్కువ తినిపించేద్దాం అనే తొందర అప్పుడు కొంచెం తగ్గుతుంది.

చేసిన పరీక్షలు: పూర్తి రక్త పరీక్ష, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), సీసం, థైరాయిడ్, విటమిన్ డి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ, సిఫిలిస్, టీబీ, వేర్వేరు రోజుల్లో తీసిన మూడు మల నమూనాలు, జియార్డియా (పేగుల్లో చేరే పరాన్నజీవి) యాంటిజెన్, వినికిడి, చూపు, పళ్లు. బీసీజీ టీకా పడిన పిల్లల్లో చర్మం మీద చేసే టీబీ పరీక్ష అసలు జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించవచ్చు, అందుకే రక్త పరీక్ష ఎంచుకున్నారు. మొదటిసారి నెగెటివ్ వచ్చినా టీబీ పరీక్ష 3 నుంచి 6 నెలల మధ్య, హెపటైటిస్ బి 6 నెలలకు మళ్లీ చేయాలి. బయల్దేరే ముందు సోకింది మొదటి పరీక్షలో దొరక్కపోవచ్చు. ఈ రెండో విడత చాలా ఇళ్లలో జారిపోతుంది. అప్పటికి బిడ్డ బాగానే కనిపిస్తుంటుంది, ఎవరికీ గుర్తుండదు.

దొరికినవి మూడు: జియార్డియా, ఫెరిటిన్ తక్కువ, ఎడమ చెవిలో నీరు చేరి స్వల్ప వినికిడి లోపం. జియార్డియాకు మందు, ఐరన్ మొదలయ్యాయి. ఐరన్ విషయంలో ఒక మెలిక ఉంది. బిడ్డ ఒక్కసారిగా ఎదగడం మొదలుపెడితే ఆ ఎదుగుదలే ఐరన్‌ను లాగేసుకుంటుంది. అందుకే మొదటి నెల సరిపోయిన మోతాదు ఆరో నెలకు చాలకపోవచ్చు. ఫెరిటిన్ 6 నెలలకు మళ్లీ చూస్తే నిజంగానే తగ్గి ఉంది, మోతాదు పెంచారు.

మానసిక రోగ నిర్ధారణ ఏదీ ఆ దశలో పెట్టలేదు. మానసిక రోగాల్ని గుర్తించడానికి వైద్యులు వాడే అమెరికా గ్రంథం డీఎస్‌ఎం-5 (2013) రెండు వేర్వేరు పేర్లు ఇచ్చింది: ఎవరి దగ్గరికీ ఓదార్పు కోసం వెళ్లని పిల్లలకు ఒకటి, అందరి దగ్గరికీ వెళ్లిపోయే పిల్లలకు ఇంకొకటి. ఈ పాప లక్షణాలు రెండోదానికి దగ్గర. కానీ మూడు వారాలకే చీటీ అంటిస్తే, పాప చేసే ప్రతి పనీ ఆ చీటీ కిందకే పోతుంది. 6 నెలలు ఆగుదామని నిర్ణయించారు.

వలయం కుదించడం

తల్లిదండ్రులకు ఇచ్చిన సూచన ఒకటే, పాటించడం మాత్రం అన్నిటికన్నా కష్టం: 12 వారాల పాటు తినిపించడం, స్నానం, బట్టలు, జోకొట్టడం, దెబ్బ తగిలితే ఓదార్చడం, కానుక ఇవ్వడం, ఈ ఆరు పనులూ అమ్మానాన్నలే చేయాలి. పాపను చూసుకునేవాళ్ల వలయాన్ని ఆ ఇద్దరికే కుదించడమన్నమాట. మిగతావాళ్లు పలకరించవచ్చు, నవ్వవచ్చు, ఆడుతుంటే చూడవచ్చు.

కారణం మొరటుగా చెప్పాలంటే ఇది. ఆకలేస్తే పెట్టేదెవరు, నొప్పేస్తే వచ్చేదెవరు అనే ప్రశ్నకు పాపకు 45 నెలలుగా వచ్చిన జవాబు షిఫ్టును బట్టి మారింది. అందుకే ఎవరు దొరికితే వాళ్లను నవ్వించి పని జరిపించుకోవడం నేర్చుకుంది. అది చొరవ కాదు, బతకడానికి దొరికిన ఉపాయం. కొత్త ఇంట్లో కూడా పదిమంది పెడితే పాత పాఠమే గట్టిపడుతుంది. 2000లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 136 మంది పిల్లలతో మొదలైన పరిశోధనలో, సంస్థల నుంచి ఫోస్టర్ ఇళ్లకు (దత్తత కాకుండా పెంచడానికి తీసుకునే కుటుంబాలకు) చేరిన పిల్లల్లో ముడుచుకుపోయే లక్షణాలు త్వరగా తగ్గాయి. అందరి దగ్గరికీ పోయే లక్షణం మాత్రం అంత సులభంగా పోలేదు. రుమేనియా నుంచి ఇంగ్లండ్‌కు దత్తత వచ్చిన పిల్లల్ని బ్రిటన్ పిల్లల మానసిక వైద్యుడు మైకేల్ రట్టర్ బృందం ఏళ్ల తరబడి గమనించినప్పుడూ, 6 నెలలకు మించి సంస్థలో ఉన్నవాళ్లలో ఈ లక్షణం చాలాకాలం నిలిచింది. కాబట్టి 12 వారాల్లో అది మాయమవుతుందని ఈ తల్లిదండ్రులకు ఎవరూ మాట ఇవ్వలేదు. అమ్మానాన్నలు ప్రత్యేకం అని పాపకు తెలియడం వరకే లక్ష్యం.

పరాయివాళ్ల ఒళ్లో ఎక్కబోతే ఏం చేయాలో అందరికీ ఒకే పద్ధతి నేర్పారు. పెద్దమనిషి మోకాళ్ల మీద కూర్చోవాలి, పాపను ఎత్తుకోకూడదు, విదిలించకూడదు. "అమ్మ దగ్గరికి వెళ్దామా?" అని అమ్మ వైపు తిప్పి చూపించాలి. అమ్మ రెండడుగులు ముందుకు వచ్చి తీసుకోవాలి. అమ్మ వైపు నుంచి ఆ రెండడుగులు ముఖ్యం. పాపను నెట్టివేసినట్టు కాకుండా, అమ్మ వచ్చి తీసుకున్నట్టు ఉండాలి.

మొదటి గండి నానమ్మ దగ్గర పడింది. మనవరాలికి ముద్ద పెట్టకూడదా అని ఆవిడ బాధపడింది, ఆ బాధ న్యాయమైనదే. "వద్దు" అన్న మాట ఒక్కటే చెప్పి వదిలేసిన చోట వలయం నిలవదు. ఆవిడకు పని ఇవ్వాలి. వంట ఆవిడది, కంచం అమ్మ చేతికి అందించడం ఆవిడది, మనవడికి రాత్రి కథ చెప్పడం ఆవిడది. 8వ వారం నుంచి ఆట, 12వ వారం నుంచి అమ్మ గదిలో ఉండగా చిరుతిండి, తర్వాత తల దువ్వడం, చివరగా పాపతో ఒంటరిగా 30 నిమిషాలు. వలయం పెంచేటప్పుడు ఆట ముందు, తిండి తర్వాత, ఒంటరిగా వదలడం చివర. ఈ వరస తిరగబడితే మళ్లీ మొదటికి వస్తుంది.

తిండి

తల్లి ఇంట్లో రణరంగం అన్నదానిలో సగం తిండి దగ్గరే. మొదటి రెండు వారాల్లో పాప నాలుగుసార్లు వాంతి అయ్యేదాకా తింది. మంచం వెనక, దిండు గలీబులో, బూట్లలో రొట్టె ముక్కలు దొరికాయి. కంచం తీస్తే నేలమీద పడి కొట్టుకుంది. ఇది ఆశ కాదు, చెడ్డ అలవాటూ కాదు. తిండి ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తన చేతిలో లేని చోట పెరిగిన పిల్ల లెక్క అది.

పెట్టిన ఏర్పాటు:

రోజుకు ఆరుసార్లు, రెండు నుంచి రెండున్నర గంటలకోసారి తిండి. రాత్రి పడుకునే ముందు ఒకటి అందులోనే.

పాపకు అందే ఎత్తులో ఒక బుట్ట, అందులో ఎప్పుడూ మూడు రకాలు. రోజూ పొద్దున పాప చూస్తుండగానే నింపాలి. ఖాళీ అయితే అడగకుండా నింపాలి. పళ్లకు అంటుకునే తీపి పదార్థాలు ఇందులో వద్దు, పాపకు అప్పటికే మూడు పుచ్చుపళ్లు ఉన్నాయి.

బయటికి వెళ్తే నడుముకు కట్టే చిన్న సంచి, లోపల రెండు తినే వస్తువులు. తినకపోయినా ఉండాలి.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అనేది పెద్దవాళ్ల నిర్ణయం. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అనేది పాప నిర్ణయం. వాంతులు తగ్గడానికి కంచంలో కొంచెం కొంచెంగా వడ్డించి, మిగతాది గిన్నెతో సహా పాప కళ్ల ముందే ఉంచాలి. "అయిపోయింది" అని పాప అన్నాకే గిన్నె లోపలికి పోవాలి.

దాచుకున్నవి కనిపిస్తే తిట్టకూడదు, నిలదీయకూడదు. మూత ఉన్న ఒక డబ్బా ఇచ్చి "దాచుకోవాలంటే ఇందులో" అన్నారు. వారానికోసారి అమ్మతో కలిసి శుభ్రం చేసి, కొత్తవి పెట్టుకోవడం.

5వ వారంలో ఏర్పాటు చెడింది. "ఎప్పుడూ నోరు ఆడుతూనే ఉంటే భోజనం ఏం తింటుంది" అని ఇంట్లో ఒకరు బుట్ట పైఅరలోకి ఎత్తేశారు. రెండు రోజుల్లో దాచుకోవడం రెట్టింపైంది, అన్నయ్య బడిసంచిలోంచి తిండి డబ్బా పోయింది. బుట్ట కిందికి దిగాక పాత స్థితికి రావడానికి 18 రోజులు పట్టింది. రెండు రోజుల తప్పుకు 18 రోజులు, ఈ లెక్క ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద రాసి అంటించారు.

దాచుకోవడం 9వ నెలకు ఆగింది. బుట్ట మాత్రం 14వ నెల వరకు అలాగే ఉంది. పాప దాని వైపు చూడటం మానేసిన తర్వాత కూడా రెండు నెలలు ఉంచి, అప్పుడు తీశారు.

నిద్ర

14 మంది పిల్లల ఊపిరి మధ్య నిద్రపోయిన పిల్లను అందంగా అలంకరించిన ఒంటరి గదిలో పడుకోబెట్టారు. నిద్ర పట్టకపోవడంలో వింతేముంది! అమ్మ చేయి అందేంత దూరంలో నేల మీద పరుపు, సన్నని దీపం, రాత్రంతా ఫ్యాన్ చప్పుడు. 7వ వారంలో చుట్టాల మాట విని పరుపు గది బయటికి జరిపితే నాలుగు రాత్రులు పాపకు నిద్రే లేకుండా పోయింది, తిరిగి లోపలికి తెచ్చారు. 5వ నెలలో అన్నయ్య గదిలోకి మార్చారు. ఒంటరి గది ప్రస్తావన ఆ తర్వాత ఎవరూ తేలేదు.

పేచీ వచ్చినప్పుడు

కొడుకుకు పనిచేసిన పద్ధతే పాప మీదా వాడారు: అల్లరి చేస్తే 4 నిమిషాలు గదిలో ఒంటరిగా. పాప వెంటనే నిశ్శబ్దమైంది. పద్ధతి పనిచేసిందని అనుకున్నారు. వీడియోలో చూస్తే పాప కదలకుండా గోడ వైపు చూస్తూ, ముందుకూ వెనక్కీ ఊగుతోంది. అది బుద్ధి తెచ్చుకోవడం కాదు, తనలోకి ముడుచుకుపోవడం. పెద్దవాళ్లు వెళ్లిపోవడమే అసలు గాయమైన పిల్లకు, వెళ్లిపోవడాన్నే శిక్షగా ఇచ్చినట్టయింది.

మార్పు: పేచీ మొదలైతే పెద్దవాళ్లలో ఒకరు చేయి చాపితే అందే దూరంలో, పాప కంటే కిందగా కూర్చోవాలి. మాటలు మూడే: "నేను ఇక్కడే ఉన్నాను." కొట్టబోతే చేతిని ఆపాలి తప్ప ఒళ్లు పట్టేసి బిగించకూడదు. బిగించి పట్టుకుని ఏడ్పించి "బంధం కలిపే" చికిత్సల పేరుతో పిల్లల ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి, అలాంటిదెవరు సూచించినా ఆ గుమ్మం తొక్కవద్దు. పాప తేరుకున్నాక ముందు మంచినీళ్లు, ఏదైనా తినడానికి, ఆ తర్వాతే జరిగిన దాని గురించి ఒక్క వాక్యం. రోజుకు రెండుసార్లు 10 నిమిషాలు పాప చెప్పినట్టు ఆడే ఆట కూడా దీనికి జత. పేచీలు లెక్కబెడితే 4వ వారంలో రోజుకు సగటున ఆరు, 16వ వారంలో రెండు. ఈ పద్ధతి పెట్టిన మొదటి మూడు వారాల్లో మాత్రం పెరిగాయి. కొత్త పద్ధతి పెట్టగానే పెరగడం మామూలే, అక్కడే చాలామంది వదిలేస్తారు.

అమ్మ సంగతి

పాప నాన్నను దగ్గరికి రానిచ్చేది, అమ్మను నెట్టేసేది. ఆయాలంతా ఆడవాళ్లే, వచ్చిన ప్రతి ఆడమనిషీ షిఫ్టు అయిపోగానే వెళ్లిపోయింది. పాప దృష్టిలో అమ్మ కూడా వెళ్లిపోవాల్సిన మనిషే. దీన్ని సరిదిద్దడానికి నాన్న దూరం జరగలేదు. "అమ్మ పెడుతుంది, నేను పక్కనే కూర్చుంటా" అని గదిలోనే ఉన్నాడు. దువ్వెన, తువ్వాలు, మంచినీళ్ల గ్లాసు అన్నీ అమ్మ చేతిలోంచే.

9వ వారంలో తల్లి, తోడు కుటుంబంలోని (ఇంతకుముందే దత్తత చేసుకుని, ఈ ఇంటికి అండగా సహాయ బృందం జత కలిపిన కుటుంబం) ఆవిడకు ఫోన్ చేసి అన్న మాట ఇది: "దీన్ని చూస్తే నాకు ప్రేమ రావట్లేదక్కా. ఎవరి పిల్లనో చూసుకుంటున్నట్టుంది."

దత్తత తర్వాత వచ్చే దిగులు ప్రసవం తర్వాత వచ్చే దిగులులాగే నిజమైనది. పైగా "మీరే కోరి తెచ్చుకున్నారు కదా" అనే మాట భయంతో బయటికి రాదు. ఫోనెత్తిన ఆవిడ మూడు పనులు సరిగ్గా చేసింది. "అలా అనకూడదు" అనలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా, పాపను ఏమైనా చేస్తానని భయమేస్తోందా అని సూటిగా అడిగింది. రెంటికీ లేదని తేలాక, మర్నాటికి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుని వెంట వెళ్లింది. దిగులు తీవ్రతను కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో స్కోరు 15 వచ్చింది. అంటే ఓ మోస్తరు కంటే ఎక్కువ తీవ్రత. మందు, వారానికోసారి కౌన్సెలింగ్ మొదలయ్యాయి. 20వ వారానికి స్కోరు 7. ప్రేమ రాకపోతే ఏం చేయాలి అని తల్లి అడిగినదానికి జవాబు మాత్రం ఏ మందూ కాదు: పనులు మానకుండా చేయండి, ప్రేమ వచ్చేదాకా పనులే పాపకు తెలుస్తాయి.

అన్నయ్య 6వ వారంలో మళ్లీ పక్క తడపడం మొదలుపెట్టాడు. రోజుకు 20 నిమిషాలు అమ్మతోనో నాన్నతోనో ఒంటరిగా గడపడం, తాళం వేసుకునే ఒక అర, ఈ రెండూ సరిపోయాయి.

తోడు కుటుంబం: సాయం దిశ మారాక

స్వాగత సమావేశం తర్వాత సహాయ బృందం తన పద్ధతి మార్చుకుంది. కొత్త కుటుంబానికి గుంపు కాదు, ఒకే ఒక తోడు కుటుంబం. జత కలపడంలో చూసినవి: దత్తత అయి కనీసం 3 ఏళ్లు దాటాలి, బిడ్డ వచ్చినప్పటి వయసు దగ్గరగా ఉండాలి, ఒకసారి ఒకే కుటుంబానికి తోడుండాలి. బిడ్డ రావడానికి రెండు నెలల ముందే జత కలిపితే మేలు. ఈ కేసులో 4వ వారంలో కలిపారు, ఆలస్యమే.

తోడు కుటుంబం చేసినవి: మొదటి 8 వారాలు వారానికి రెండు ఫోన్లు, 20 నిమిషాలు మించకుండా. వారానికి మూడు పూటల భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లడం, లోపలికి రాకపోవడం. ఉతికే బట్టలు తీసుకెళ్లడం. శనివారాలు అన్నయ్యను తమ పిల్లలతో ఆటకు తీసుకెళ్లడం. ఆసుపత్రి, పౌరసత్వ కాగితాల క్యూలో తండ్రితో నిలబడటం. పాపను ముట్టుకునే పని ఈ జాబితాలో ఒక్కటీ లేదు. 8 వారాల తర్వాత ఫోన్లు వారానికొకటి, 6 నెలల తర్వాత నెలకొకటి.

తోడువాళ్లకు నాలుగు గంటల శిక్షణ ఇచ్చారు, నెలకు ఒక గంట వాళ్ల కష్టసుఖాలు వినే నిపుణులు ఉన్నారు. ఇది లేకపోతే ఏమవుతుందంటే, తోడు ఉన్న తల్లి తన బిడ్డ కథను ఈ బిడ్డ మీద కప్పేస్తుంది. ఇక్కడా ఒకసారి జరిగింది. "మావాడికి ఆరు వారాల్లో సర్దుకుంది" అన్న ఒక్క మాటతో తల్లి వారం రోజులు ఫోనెత్తలేదు. వారాల లెక్కలు పోల్చకూడదని అప్పుడు నియమం పెట్టారు.

బృందంలో నియమాలు తక్కువే, కానీ గట్టివి. దత్తతకు ముందు పాపకు ఏం జరిగిందో బృందంలో చెప్పకూడదు. అది పాప సొంతం, రేపు పాప పెద్దయ్యాక ఎవరికి చెప్పాలో పాపే నిర్ణయించుకోవాలి. పాప ఫొటోలు బృందం ఫోన్లలోకి పోకూడదు. మందుల సలహా ఎవరూ ఇవ్వకూడదు. చచ్చిపోవాలనే మాట, బిడ్డను కొట్టడం, బిడ్డ నిప్పుతోనో జంతువులతోనో ప్రమాదకరంగా ప్రవర్తించడం, తిండి పూర్తిగా మానేయడం, ఇవి వినిపిస్తే తోడువాళ్ల పని ముగిసినట్టే, అదే రోజు నిపుణుల దగ్గరికి.

ఇంకొకటి కూడా. "కొన్ని నెలలు మా దగ్గర పెట్టండి, మేం చూసుకుంటాం" అని ఎవరైనా మంచి మనసుతో అన్నా సరే, అది దాటకూడని గీత. 2013లో రాయిటర్స్ పరిశోధన అమెరికాలో దత్తత పిల్లలు ఆన్‌లైన్ గుంపుల ద్వారా ఏ అధికారికీ తెలియకుండా పరాయి ఇళ్లకు చేతులు మారుతున్న తీరును బయటపెట్టింది. చట్టబద్ధంగా సాగిన దత్తత వెనక విదేశీ దత్తతల మీద దేశాలు కుదుర్చుకున్న 1993 హేగ్ ఒప్పందం వంటి రక్షణలు ఉంటాయి. ఇలా చేతులు మార్చిన క్షణం బిడ్డకు అవేవీ ఉండవు. నిజంగా భరించలేని స్థితి వస్తే తలుపు తట్టాల్సింది దత్తత జరిపిన ఏజెన్సీని, శిశు సంక్షేమ అధికారుల్ని.

భాష, బడి

వచ్చే ముందు తల్లిదండ్రులు పాప భాషలో సుమారు 40 మాటలు నేర్చుకున్నారు: ఆకలి, నొప్పి, బాత్రూం, భయం, మళ్లీ వస్తాను, అయిపోయింది. మొదటి నెలలో ఇవే ఇల్లు నడిపాయి. మూడో నెలకు పాప తన భాష మాట్లాడటం ఆపేసింది. 3 నుంచి 8 ఏళ్ల మధ్య కొరియా నుంచి ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లినవాళ్లు పెద్దయ్యాక కొరియన్ వాక్యాల్ని గుర్తుపట్టలేకపోయారని 2003లో ఒక అధ్యయనం చూపింది. అయితే పూర్తిగా చెరిగిపోతుందనీ అనలేం. పసితనంలోనే చైనా నుంచి వచ్చి ఫ్రెంచే మాట్లాడుతూ పెరిగిన పిల్లలు చైనీస్ స్వరాలు విన్నప్పుడు, వాళ్ల మెదడు ఆ భాష తెలిసినవాళ్ల మెదడులాగే స్పందించిందని 2014లో తేలింది.

బడివాళ్లు "రెండు భాషల పిల్ల, రెండేళ్లు ఆగండి, అదే వస్తుంది" అన్నారు. ఇది తప్పు. రెండు భాషల పిల్లకు మొదటి భాష ఊతంగా ఉంటుంది. ఈ పాపకు మొదటిది జారిపోయింది, రెండోది ఇంకా రాలేదు. పైగా ఎడమ చెవి. మొదటి భాషలో ఎంత మాట్లాడగలదో వచ్చిన తొలి వారాల్లోనే అంచనా వేసి ఉంటే పోలికకు పనికొచ్చేది, ఆ అవకాశం పోయింది. 8వ నెలలో చెవి నీటికి గొట్టాలు వేశారు, స్పీచ్ థెరపీ వారానికి రెండుసార్లు మొదలైంది. కబుర్ల భాష ఏడాదిన్నరలో వచ్చింది. పాఠాల భాషకు అయిదేళ్లో ఏడేళ్లో పట్టవచ్చని టీచర్లకు రాసిచ్చారు. కబుర్లు చూసి అంతా వచ్చేసిందని మోసపోవడం బడుల్లో రోజూ జరిగేదే. పుట్టినప్పటి ఫొటో తెమ్మనడం, వంశవృక్షం గీయమనడం వంటి హోంవర్క్‌కు ముందే ప్రత్యామ్నాయం అడిగి పెట్టుకోవాలి.

పాప కథ, కాగితాలు

తల్లిదండ్రులు మొదట చెప్పిన వాక్యం: "నీ మీద ప్రేమతోనే నిన్ను మాకిచ్చింది." నాలుగేళ్ల పిల్ల దీన్ని వినే తీరు వేరు. ప్రేమ ఉంటే ఇచ్చేస్తారు, వీళ్లూ ప్రేమిస్తున్నారు, కాబట్టి వీళ్లూ ఇచ్చేస్తారు. మార్చిన వాక్యం: "నిన్ను కన్న అమ్మ నిన్ను పెంచలేకపోయింది. ఎందుకో మాకు పూర్తిగా తెలియదు. తప్పు నీది కాదు." తెలియనిదాన్ని తెలియదనే చెప్పాలి. కాగితాల్లో రాసిందంతా నిజమని చెప్పకూడదు. దక్షిణ కొరియా నుంచి జరిగిన విదేశీ దత్తతల్లో రికార్డులు తారుమారయ్యాయని 2025 మార్చిలో ఆ దేశ సత్య, సయోధ్య కమిషనే ప్రకటించింది. "కాగితాల్లో ఇలా రాశారు" అనడం చాలు.

ఆయా ఫొటో ఒకటి పాప సంచిలో వచ్చింది. దాన్ని చట్రం కట్టి పాప చేతికందే చోట పెట్టారు. మూలప్రతులన్నీ స్కాన్ చేసి రెండు చోట్ల ఉంచారు. పౌరసత్వ ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా తండ్రి వదల్లేదు. దత్తత పూర్తయింది కదా అని ఊరుకుంటే, పెద్దయ్యాక తాము ఏ దేశ పౌరులో తేలక ఇబ్బంది పడినవాళ్లున్నారు.

"ఎంత అదృష్టవంతురాలివో" అనే పలకరింపుకు అయిదేళ్లు దాటాక పాపకు నాలుగు దారులు నేర్పారు: జవాబు చెప్పకుండా వెళ్లిపోవచ్చు, "అది నా సొంత సంగతి" అనవచ్చు, కొంచెం చెప్పవచ్చు, దత్తత అంటే ఏమిటో వివరించవచ్చు. ఏది ఎంచుకున్నా సరే. పాప ఎక్కువగా వాడేది మొదటిదే.

24 నెలల నాటికి

ఎత్తు 110 సెం.మీ. మొదటి ఏడాది 9 సెం.మీ., రెండో ఏడాది 6.5 సెం.మీ. పెరిగింది. పడితే ఏడుస్తూ అమ్మ దగ్గరికే పరుగెత్తుతోంది. 14వ నెలలో మొదటిసారి అలా చేసిన రోజు తేదీ తల్లి రాసిపెట్టుకుంది. రద్దీ చోట్ల ఇప్పటికీ పరాయివాళ్ల చేయి పట్టుకుంటుంది, కాబట్టి బయట ఒక పెద్దమనిషి పని పాపను చూడటమే. 6 నెలలకని వాయిదా వేసిన నిర్ధారణ 10వ నెలలో పెట్టారు, బడిలో అదనపు సాయానికి ఆ పేరు అవసరమైంది. "ముందు", "తర్వాత", "తప్ప" ఉన్న వాక్యాలు తికమక పెడుతున్నాయి. చదువులో సాయం కొనసాగుతుంది.

ఇక చూడాల్సినవి: ఏడాదికోసారి వినికిడి, ఆర్నెల్లకోసారి ఎత్తు. విదేశాల నుంచి దత్తత వచ్చిన ఆడపిల్లల్లో ముందుగా రజస్వల లక్షణాలు కనిపించే అవకాశం ఎక్కువ. అందుకే 7 ఏళ్ల నుంచే ప్రతిసారీ పరీక్షలో అది కూడా చూడాలి, 8 లోపు రొమ్ము ఎదుగుదల కనిపిస్తే హార్మోన్ల నిపుణుల దగ్గరికి పంపాలి. ఎత్తు పెరగడానికి ఉన్న సమయం కూడా దానితో కుదించుకుపోతుంది.

ఈ తల్లిదండ్రులు తామూ ఇంకో కుటుంబానికి తోడుగా ఉంటామని అడిగారు. బృందం ఇంకో ఏడాది ఆగమంది. 3 ఏళ్ల నియమం ఒక కారణం, తల్లి మందు ఆపి రెండు నెలలే అయింది, అది ఇంకో కారణం. ఈలోగా కొత్తగా వచ్చిన ఒక ఇంటికి వారానికి ఒక పూట భోజనం గుమ్మం దగ్గర పెట్టి వస్తున్నారు.